రోజుకో ప్రశంసాపత్రం మన నవలలను మింగేస్తోంది

తిరుపతిలో కూర్చుని ఏం రాయగలం, ఊరంతా రద్దీయే కదా అనే మాట మన రచయితల నోట తరచుగా వింటున్నాను. హార్స్‌లీ హిల్స్‌లో గది తీసుకుంటే తప్ప నవల పూర్తికాదని ఒకరంటారు, ఉద్యోగ విరమణ అయ్యాకే మొదలుపెడతానని ఇంకొకరంటారు. నేను ఒప్పుకోను. గంగజాతర రోజుల్లో మైకులు హోరెత్తినా, లీలామహల్ కూడలిలో బస్సులు ఆగకుండా హారన్లు కొట్టినా, ఆ చప్పుడుకు మనతో పనిలేదు. కాసేపటికి చెవి దాన్ని వదిలేస్తుంది. రాసేవాళ్ల ధ్యాసను చెడగొట్టేది పేరు పెట్టి పిలిచే చప్పుడు. అది మన ఫోనులోనే ఉంది. అందులోనూ నాకు కోపం తెప్పించేవి సినిమా కబుర్లు, క్రికెట్ స్కోర్లు కావు. సాహిత్యం పేరుతో నడిచే వాట్సాప్ గ్రూపులు.

మీకు తెలియనివి కావు. పొద్దున్నే ఆ రోజు అంశం వస్తుంది. అమ్మ, వాన, రైతు, రథసప్తమి. ఇరవై పంక్తులు మించకూడదు, సాయంత్రంలోగా పంపాలి, కింద ‘ఇది నా స్వీయ రచన’ అని హామీ ఇవ్వాలి. రాత్రికి పూల అంచుతో, మన ఫొటోతో ప్రశంసాపత్రం వస్తుంది. ఈలోగా మిగతావాళ్ల కవితలన్నిటికీ ‘అద్భుతం’ అని పెట్టాలి, లేకపోతే మన కవితకు ఎవరూ పెట్టరు. రోజు గడిచిపోతుంది. మర్నాడు మరో అంశం.

నాకు తెలిసిన ఒక అమ్మాయి, కొండ మీద కల్యాణకట్టలో తలనీలాలు తీసే కుటుంబం మీద నవల మొదలుపెట్టింది. మూడు అధ్యాయాలు చదివాను. ఒకచోట తల వంచి కూర్చున్న భక్తురాలు, మొక్కు ఏమిటో చెప్పకుండానే ఏడుస్తుంది. కత్తి పట్టుకున్నామె ఏమీ అడగదు. ఇంకాసిని నీళ్లు చల్లి, చేతి వేగం తగ్గిస్తుంది. మనుషులను ఇంతగా చూడగలిగిన పిల్ల నాలుగో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. ఎందుకమ్మా అని అడిగితే, "నవల రాస్తున్నన్నాళ్లూ నన్ను ఎవరూ పట్టించుకోరక్కా. కవిత పెడితే సాయంత్రానికల్లా యాభైమంది బాగుందంటారు" అంది. ఆమెను తప్పు పట్టలేను. ఆ ఆకలిని పెంచి పోషిస్తున్నవాళ్లను మాత్రం తప్పకుండా పడతాను.

సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక పని ముగియకుండా మరో పనికి మారితే, ధ్యాసలో కొంత పాత పని దగ్గరే ఉండిపోతుందనీ, దానివల్ల కొత్త పని దెబ్బతింటుందనీ అందులో చూపించారు. ప్రయోగంలో ఇచ్చిన చిన్న పనులకే అలా అయితే నవల సంగతి వేరే చెప్పాలా? ఏ పాత్ర ఎవరితో మాట మానేసింది, అత్త ఏ అబద్ధం ఎవరికి చెప్పింది, చంద్రగిరి నుంచి వచ్చిన బంధువుకు ఎంత తెలుసు, ఇవన్నీ నెలల తరబడి తలలో మోయాలి. మధ్యలో రోజూ ‘వాన’ మీద ఇరవై పంక్తులు రాస్తే ఆ బరువు జారిపోతుంది. మళ్లీ ఎత్తుకోవడానికి మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రావాలి. చాలామంది అక్కడే వదిలేస్తారు.

ఈ మాట అన్న ప్రతిసారీ ఒక పెద్దాయన అన్నమయ్యను ముందుకు తెస్తారు, ఆయన రోజుకో సంకీర్తన రాయలేదా అని. రాశారనే ప్రతీతి. కానీ పొద్దున్నే ఆయనకు అంశం పంపినవాళ్లెవరు? 1503లో కన్నుమూసేదాకా ఆయన పట్టుకున్నది ఆ కొండ మీది స్వామినే. అలమేలుమంగ అలక, జోలపాట, లోకం పోకడ, కులాల హెచ్చుతగ్గుల మీద ధిక్కారం, అన్నీ ఆ ఒక్కచోటే వెతికి తీశారు. 32 వేల సంకీర్తనలు రాశారంటారు, మనకు దొరికినవి అందులో సగం కూడా లేవు. రాగిరేకులకెక్కిన ఆ పాటలు తిరుమల ఆలయంలోనే దాదాపు నాలుగు వందల ఏళ్లు ఉండి, 20వ శతాబ్దంలో అచ్చుకు వచ్చాయి. రోజుకో అంశానికి పరుగెత్తేవాళ్లు ఆయన పేరు అడ్డం పెట్టుకోవడం న్యాయం కాదు.

అంత వెనక్కి వెళ్లనక్కర్లేదు. మధురాంతకం రాజారాం గారు అప్పటి మన చిత్తూరు జిల్లా దామల్‌చెరువులో ఉంటూ, బడిలో పాఠాలు చెబుతూనే వందల కథలు రాశారు. 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఉద్యోగమూ సంసారమూ అందరికీ ఉన్నట్టే ఆయనకూ ఉన్నాయి.

ఈ గ్రూపుల వల్ల మేలే జరగలేదని అనను. ఇల్లు, పిల్లలు తప్ప మరో ధ్యాసకు వీలులేని ఆడవాళ్లు ఎందరో అరవై ఏళ్లకు మొదటి కవిత రాసింది అక్కడే. వాళ్ల సంతోషం చూశాను. వాళ్లలో కథలు రాయగలవాళ్లున్నారు కాబట్టే నా బాధ.

గ్రూపులు నడిపే పెద్దలకు ఒక విన్నపం. రోజూ అంశం ఇవ్వడం ఆపండి. మూడు నెలలకు ఒక కథ అడగండి, వచ్చిన కథను నిజంగా చదివి ఎక్కడ కుంటుతోందో చెప్పండి. పత్రం మీద ఫొటో వద్దు. రాసేవాళ్లు కూడా రాసుకునే గంట ఫోను పక్క గదిలో పెట్టండి. తర్వాతి వాక్యం తెలిసినప్పుడే ఆ రోజుకు ఆపండి, మర్నాడు కూర్చోగానే చేయి కదులుతుంది. అధ్యాయం పూర్తికాకుండా ఎవరికీ చూపించకండి, నాకు కూడా.

తిరుపతిలో పెద్ద రచన మీద ఉన్నవాళ్లుంటే నాకు సందేశం పంపండి. నెలకో ఆదివారం ప్రకాశం పార్కులో కలుద్దాం. పూర్తయిన అధ్యాయం కాగితం మీద తెచ్చుకుని పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. ఫొటోలు తీయబోం.