"ల్యాబ్‌కి పంపుకోండి మేడం" అన్నాడు

ఇప్పుడే చేపల కొట్టు నుంచి ఇంటికొచ్చాను. కనీసం మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చుని రాస్తున్నాను. కోపం చల్లారాక రాస్తే "పోనీలే" అనిపిస్తుంది. ఈసారి పోనీలే అనుకోదలచుకోలేదు.

మా అమ్మ కంటి ఆపరేషన్‌కి కోనసీమ నుంచి విజయవాడ వచ్చి మూడు వారాలైంది. నాన్న ఉన్నన్నాళ్లూ గోదారికి ఎర్రనీరు తగిలిందంటే చాలు, ధవళేశ్వరం వెళ్లి పులస పట్టుకొచ్చేవారు. ఆయన పోయి ఎనిమిదేళ్లు. ఈ ఎనిమిదేళ్లలో అమ్మ ఇంట్లో పులస పొయ్యెక్కలేదు. అందుకే మొన్న శనివారం నేనే కొన్నాను. కిలోంబావు చేప, ఏడు వేలు. "గోదావరి సరుకు మేడం, తెల్లారుజామునే దిగింది" అన్నాడు కొట్టతను. నమ్మాను.

అమ్మ వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, పక్కనుండి నాతో వండించింది. మట్టి దాకలో పులుసు, బెండకాయలు, ఆవకాయ మీద తేలిన నూనె, దించేముందు కాస్త వెన్న. రాత్రంతా అలాగే ఉంచి ఆదివారం మధ్యాహ్నం వడ్డించాను. అమ్మ ఒక ముద్ద తింది. నోట్లోంచి ముల్లు తీసి కంచం అంచున పెట్టింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఇది ఏరు చూడని చేప తల్లీ. విలస, సముద్రంలోది. బాగానే ఉందిలే, తినండి" అంది.

ఆ "బాగానే ఉందిలే" విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు.

ఇవాళ వెళ్లి నెమ్మదిగానే అడిగాను. డబ్బులు వెనక్కి ఇవ్వమని కూడా అనలేదు. సముద్రపు చేపను పులస అని ఎందుకు చెప్పారండీ అన్నాను, అంతే. అతను పొలుసు గీస్తున్నవాడల్లా తల కూడా ఎత్తకుండా, "అనుమానముంటే ల్యాబ్‌కి పంపుకోండి మేడం" అన్నాడు. పక్కన నిలబడ్డవాళ్లు నవ్వారు.

పదకొండేళ్లు రొయ్యల ఎగుమతి కంపెనీ ల్యాబ్‌లో పనిచేసిన మనిషిని నేను. నాకు చెప్పాడు ఆ మాట!

ల్యాబ్ అనగానే అందరూ డీఎన్‌ఏ అంటారు. నిజమే, మంచి పరీక్షే. సీఓఐ అనే ఒక్క జన్యువులో దాదాపు 650 అక్షరాలు చదివితే ముక్క ఏ చేపదో చెప్పేయొచ్చు. తల, తోక, చర్మం ఏమీ లేకపోయినా, చాలాసార్లు వండిన ముక్కైనా చెప్పొచ్చు. 2008లో న్యూయార్క్‌లో ఇద్దరు హైస్కూలు అమ్మాయిలు హోటళ్లలో, దుకాణాల్లో చేప ముక్కలు సేకరించి ఈ పరీక్ష చేయిస్తే, నాలుగో వంతు ముక్కలు ఒక పేరు చెప్పి అమ్మిన వేరే చేపలని తేలింది. ఓషియానా అనే సంస్థ అమెరికా అంతటా 1,215 ముక్కలు పరీక్షించి 2013లో నివేదిక ఇస్తే, మూడో వంతు అబద్ధపు పేర్లే. అక్కడే అలా ఉంటే, పెళ్లిళ్లలో మనకు బోన్‌లెస్ అని వడ్డించే ముక్కల సంగతి ఎవరు చూశారు? వంజరం అన్నది చెరువుల్లో పెంచే పంగాసియస్ అయితే ఈ పరీక్షకు ఇట్టే దొరికిపోతుంది. పంగాసియస్ మీద నాకు కోపం లేదు. మన కొల్లేరు చుట్టుపక్కల రైతులు కష్టపడి పెంచే చేప అది. దాన్ని దాని పేరుతో, దాని ధరకు అమ్మండి. ఎవరొద్దన్నారు?

కానీ పులస దగ్గర డీఎన్‌ఏ చేతులెత్తేస్తుంది. పులసా విలసా ఒకే చేప, బెంగాలీలు ఇలిశ అనేది కూడా అదే. సముద్రంలో ఉన్నంతసేపూ విలస, గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది గోదారిలోకి వస్తే పులస. డీఎన్‌ఏ రెంటికీ ఒకటే చెబుతుంది. అమ్మేవాడికి సైన్సు తెలియకపోవచ్చు, కానీ ఎవరూ పట్టుకోలేరన్న సంగతి మాత్రం బాగా తెలుసు. లేకపోతే అంత ధీమాగా ఆ మాట అనగలడా?

పట్టుకోవచ్చు. అదే నా బాధ! చేప తల లోపల చెవి దగ్గర చిన్న రాయి ఉంటుంది, ఒటోలిత్ అంటారు. చెట్టు మానులో వలయాల్లాగా చేప పెరిగినకొద్దీ దాని మీద పొర మీద పొర చేరుతుంది. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అనే మూలకం ఎక్కువ, నదిలో మామూలుగా తక్కువ. చేప ఏ నీళ్లలో ఉంటే ఆ లెక్క ఆ పొరలో పడుతుంది. లేజర్‌తో ఆ పొరల్ని సన్నగా తొలుస్తూ, కాల్షియంతో పోలిస్తే స్ట్రాన్షియం ఎంతుందో మాస్ స్పెక్ట్రోమీటర్ అనే కొలిచే మిషన్‌లో చూస్తే, చేప ఉప్పునీటిలో ఎన్నాళ్లుంది, తీపినీటిలోకి వచ్చిందా లేదా అన్నది గ్రాఫులో కనబడుతుంది. మా అమ్మ నాలుక చెప్పిన మాటే ఆ రాయీ చెబుతుంది. కాకపోతే కాగితం మీద చెబుతుంది.

కొట్టుకెళ్లే ముందే, పొద్దున్న మూడు ల్యాబ్‌లకు ఫోన్ చేశాను. ఒకరు ఎగుమతిదారుల శాంపిల్సే తీసుకుంటామన్నారు. ఇంకొకరు ఫుడ్ ఇన్‌స్పెక్టర్ సీలు వేసి పంపితేనే అన్నారు. మూడో ఆవిడ పాపం ఓపిగ్గా విని, "ఏడు వేలకి ఇంత అవసరమా అండీ" అంది.

అవసరమే. ఎందుకో చెబుతాను.

నేను పనిచేసిన చోట ఒక్క రొయ్య గేటు దాటాలంటే ఎన్ని చూసేవాళ్లమో తెలుసా? ముందు ఎలీసా అనే తొలి వడపోత పరీక్ష, అందులో అనుమానం వస్తే ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్ అనే ఇంకా కచ్చితమైన మిషన్ పరీక్ష. యూరప్ వెళ్లే సరుకులో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కి గీత ఒకప్పుడు 0.3 పీపీబీ దగ్గర ఉండేది, 2022లో దాన్ని 0.15కి దించారు. ఒక పీపీబీ అంటే వంద కోట్ల పాళ్లలో ఒక పాలు. అదీ చాలక, మన చెరువు రొయ్యల సరుకులో అక్కడ మళ్లీ పరీక్షించే వాటా 10 శాతం ఉంటే, 2016లో దాన్ని 50 శాతం చేశారు. ఒకసారి ఒక్క శాంపిల్ తేడా వచ్చిందని రాత్రి రెండింటిదాకా మేం నలుగురం మిషన్ ముందు కూర్చున్నాం, టెన్షన్‌తో ఎవరికీ అన్నం సయించలేదు. ఎక్కడో ఉన్న, మొహం కూడా తెలియని పిల్లాడు తినే రొయ్య కోసం! అది తప్పని నేననను. అలాగే చూడాలి. కానీ అదే జిల్లా చేప, అదే ఐసు, అదే లారీ, బెజవాడ వైపు తిరిగితే దాన్ని చూసే నాథుడే ఉండడు. పదకొండేళ్లూ నన్ను తొలిచింది ఇదే.

2018 గుర్తుందా? కేరళ వాళ్లు 'ఆపరేషన్ సాగర రాణి' అని చెక్‌పోస్టుల్లో చేపల లారీలు ఆపి ఫార్మాలిన్ కలిసిన సరుకు పట్టుకున్నారు, అందులో ఆంధ్రా నుంచి వెళ్లిందీ ఉంది. ఆ జూలైలోనే అస్సాం మన చేపల్ని కొన్నాళ్లు రానివ్వలేదు. శవాలు పాడవకుండా వాడే మందు ఈ ఫార్మాలిన్. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చిన్న కాగితం ముక్కతో చేసే పరీక్ష తయారుచేసింది. చేప మీద రుద్ది మందు చుక్క వేస్తే నిమిషాల్లో రంగు మారుతుంది. రంగు మారగానే అమ్మినామె మీద పడిపోకూడదు, ఆ మాట కూడా చెప్పాలి. ఫార్మాలిన్‌లో ఉండే ఫార్మాల్డిహైడ్ కొన్ని సముద్రపు చేపల్లో దానంతటదే కాస్త పుడుతుంది. ఎంతుందో ల్యాబ్‌లో కొలిచాకే కలిపారా లేదా అన్నది తేల్చాలి. కానీ ఆ కాగితం ముక్క మన మార్కెట్‌లో ఎవరి చేతిలోనైనా మీరు చూశారా? నేను చూడలేదు. నేను చూసింది మొప్పలకు పూసిన రంగు. వేలు పెట్టి తీస్తే వేలికి అంటుకుంది, సబ్బుతో కడిగినా ఒక పట్టాన పోలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు ఎవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. అయితే కొనేటప్పుడే అమ్మేవాడికి ఆ మాట చెప్పాలట. నేను పొద్దున్నే రద్దీలో నిలబడి, "బాబూ, ఈ చేపను పరీక్షకు పంపబోతున్నాను, తూచి ఇవ్వు" అనాలన్నమాట. రిపోర్టుకి 14 రోజులు. ఇది పప్పుల డబ్బా కాదు కదా, చేప!

"పుస్తెలమ్మైనా పులస తినాలి" అని మా వైపు సామెత. నిజంగా ఏదో ఒకటి కుదువపెట్టి, పెద్దవాళ్లకి ఒక్కసారి తినిపిద్దామని కొనేవాళ్లుంటారు. మోసం అక్కడ చేస్తున్నారు. అదే కొట్టుకు రెండు సందుల అవతల గంపలో చేపలు పెట్టుకుని కూర్చునే పెద్దామె ఉంది. "ఇది ఐసులోది అమ్మా, నిన్నటిది, వేపుడుకైతే తీసుకో" అని తనే చెబుతుంది. సాయంత్రానికి సగం గంప మిగిలిపోతుంది. నిజం చెప్పినందుకు ఆమెకి మిగిలేది ఆ సగం గంప.

చేప తల ఇంకా నా ఫ్రీజర్‌లోనే ఉంది. ఆ రోజు పులుసులో వేయకుండా మర్నాటికని దాచాను. చెవిరాయి అందులోనే ఉంటుంది. దాన్ని పరీక్షించగల మిషన్ ఉన్న యూనివర్సిటీలో గానీ, ల్యాబ్‌లో గానీ మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండి. ఖర్చు నేనే పెట్టుకుంటాను. పులస అని తేలితే, ఆ కొట్టు ముందు నిలబడి అందరూ వినేలా క్షమాపణ అడుగుతాను.

"ఆ తల అలా ఎన్నాళ్లు దాస్తావే, వండెయ్యరాదూ" అంటోంది అమ్మ పక్కగదిలోంచి. వండను.