మెదడు పాఠం: టీచర్‌కి ఎంత తెలిస్తే సరిపోతుంది?

బ్రిటన్, నెదర్లాండ్స్ దేశాల్లో 242 మంది టీచర్ల మీద చేసిన ఒక సర్వే 2012లో వెలువడింది. అందరూ మెదడు శాస్త్రం మీద ఆసక్తి ఉన్నవాళ్లే. మెదడు గురించి కొన్ని వాక్యాలిచ్చి ఏది నిజమో, ఏది కాదో చెప్పమన్నారు. జనంలో తిరిగే అపోహల్ని కూడా మధ్యమధ్యలో కలిపారు. టీచర్లు సగటున ఆ అపోహల్లో 49 శాతాన్ని నిజమనే అన్నారు. కొందరు పిల్లలకు చూస్తేనే వస్తుందనీ, కొందరికి వింటేనే వస్తుందనీ, ఎవరికి తగ్గట్టు వాళ్లకు చెప్తే బాగా నేర్చుకుంటారనీ నమ్మినవాళ్లు 90 శాతం పైనే. దీన్ని సమర్థించే గట్టి ఆధారం లేదని మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే పరిశోధనలన్నీ జల్లెడ పట్టి చెప్పారు. అసలు విచిత్రం ఇంకొకటుంది. మెదడు గురించి మామూలు విషయాలు ఎక్కువ తెలిసిన టీచర్లే అపోహల్ని కూడా ఎక్కువగా నమ్మారు.

హైస్కూల్లో మెదడు, ప్రవర్తన గురించి పాఠాలు పెట్టాలి, దానికి టీచర్లకు శిక్షణ ఇవ్వాలి అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ సర్వేనే గుర్తొస్తుంది. పాఠాలు పెట్టాలనే నేనూ అంటాను. నా పేచీ శిక్షణ తీరుతోనే. శిక్షణ అనగానే మనకు తట్టేది రెండు రోజుల వర్క్‌షాప్, ఒక నిపుణుడు, వంద స్లైడ్లు, చివర్లో ఒక సర్టిఫికెట్. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం ఎక్కడుంది, అమిగ్డలా అనే భాగం ఏం చేస్తుంది, న్యూరాన్లు అనే నాడీ కణాలు ఎన్ని (86 వందల కోట్లని ఇప్పటి లెక్క) అని రాసుకుని టీచర్ ఇంటికెళ్తారు. సమాచారం పెరుగుతుంది, నిజమే. కానీ దాంతోపాటు అపోహలు తగ్గుతాయన్న గ్యారంటీ లేదు. అది సర్వేనే కాబట్టి ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చలేం. ఆసక్తి ఉన్నవాళ్లు మంచివీ చెత్తవీ కలిపి చదివి ఉండొచ్చు. అలా చూసినా, ఏది ఏదో వేరు చేసే నేర్పు వాళ్లకు ఎవరూ ఇవ్వలేదనే తేలుతుంది.

అపోహలు ఊరికే పుట్టవు. ఎడమ మెదడు, కుడి మెదడు సంగతే తీసుకోండి. మెదడు రెండు సగాల్నీ కలిపే నాడుల కట్టను కోసిన రోగుల మీద అమెరికా శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ చేసిన ప్రయోగాలు గొప్పవి, 1981లో ఆయనకు నోబెల్ వచ్చింది. చాలామందిలో భాషకు ఎడమవైపు భాగాలు ముఖ్యమన్నదీ నిజమే. ఆ నిజం నోటి నుంచి నోటికి పాకి, "నీది కుడి మెదడమ్మా, నీకు లెక్కలు రావులే" అనేదాకా వచ్చింది. 2008లో వచ్చిన ఇంకో పరిశోధన మరీ ఇబ్బంది పెడుతుంది. మనిషి ప్రవర్తనకు పస లేని వివరణ ఇచ్చి, దానికి సంబంధం లేని మెదడు స్కాన్ల ముక్క ఒకటి అతికిస్తే, చదివినవాళ్లకు ఆ వివరణే నచ్చింది. మామూలు జనమే కాదు, ఒక సెమిస్టర్ పాటు మెదడు శాస్త్రం చదివిన విద్యార్థులు కూడా అలాగే పడిపోయారు. ఆ రంగంలోని నిపుణులు మాత్రం మోసపోలేదు. ఒక సెమిస్టర్ చదివినవాళ్ల పరిస్థితే ఇదైతే రెండు రోజుల వర్క్‌షాప్ సంగతి చెప్పేదేముంది?

మరి శిక్షణలో ఏం చేయించాలి? ఒక స్కేలు చాలు. ఇద్దరు టీచర్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకరు స్కేలు వదలాలి, ఇంకొకరు పట్టుకోవాలి. ఇరవై సెంటీమీటర్లు జారాక పట్టుకుంటే సుమారు 0.2 సెకన్లు పట్టినట్టు, ఫిజిక్స్ సూత్రంతో లెక్క తేలిపోతుంది. ఆ 0.2 సెకన్లు ఎక్కడ ఖర్చయ్యాయి? కన్ను, మెదడు, వెన్నుపాము, చేతి కండరం అని దారి వెతుక్కుంటూ పోవాలి. నాడిలో సంకేతం తక్షణం పోదని, దానికి కొలవగలిగిన వేగం ఉందని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నాడితో చూపించాడు. తర్వాత వందనుంచి వెనక్కి మూడేసి అంకెలు తగ్గించి లెక్కపెడుతూ స్కేలు పట్టమనండి. చాలామందికి ఇంకా కిందికి జారుతుంది. పదిసార్లు చేస్తే మెరుగవుతుంది. అది నేర్చుకోవడమా, లేక ఎదుటివాళ్లు ఎప్పుడు వదులుతారో పసిగట్టడమా?

ఈ పాఠంలో ఒక పిల్లాడు తప్పకుండా అడుగుతాడు: "సార్, నేను ఫోన్లో గేమ్స్ ఆడతాను, అందుకే నాకు స్కేలు తక్కువ జారిందా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పేస్తే పాఠం అక్కడితో అయిపోతుంది. క్లాసులో గేమ్స్ ఆడేవాళ్లు ఎంతమంది, ఆడనివాళ్లు ఎంతమంది, చురుకైనవాళ్లే గేమ్స్ వైపు పోతున్నారేమో ఎలా తెలుస్తుంది అని ఆ ప్రశ్ననే పిల్లల చేతికి తిరిగి ఇవ్వగలిగితే, ప్రవర్తన అనేది నీతిబోధ నుంచి సైన్స్‌లోకి వస్తుంది. అలా తిరిగి ఇవ్వడం స్లైడ్లు చూస్తే రాదు. టీచర్ ఒకసారి పిల్లాడి స్థానంలో కూర్చుని తికమకపడాలి. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నడిపిన బ్రెయిన్‌యూ అనే కార్యక్రమం పట్టుకున్న దారి ఇదే, టీచర్ల చేతే ప్రయోగాలు చేయించడం.

మెదడు పాఠాల్లో కథలు ఎక్కువ. అమెరికాలో రైలు మార్గం పనిచేసిన ఫినియాస్ గేజ్ కథ చెప్పని టీచర్ అరుదు. 1848లో మీటరు దాటిన ఇనుప కడ్డీ అతని తలలోంచి దూసుకుపోయింది, బతికాడు, కానీ మంచివాడు కాస్తా మొరటువాడైపోయాడు అని ముగిస్తారు. అతను ఆ తర్వాత దాదాపు 12 ఏళ్లు బతికాడనీ, చిలీలో ఏళ్ల తరబడి గుర్రపు బళ్లు తోలాడనీ, అతని మార్పు గురించి స్వయంగా చూసినవాళ్ల సాక్ష్యం చాలా కొద్దిదనీ చెప్పేవాళ్లు తక్కువ. నాకైతే ఆ మిగిలిన సగమే అసలు పాఠం. హెన్రీ మొలైసన్ ఉదంతం ఇంకా మేలు. మూర్ఛ తగ్గడానికి 1953లో చేసిన మెదడు ఆపరేషన్ తర్వాత అతనికి కొత్త సంగతులు గుర్తుండేవి కావు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడంలో రోజురోజుకీ మెరుగయ్యాడు, నిన్న గీసిన సంగతి గుర్తులేకుండానే. అద్దం, కాగితం ఉంటే ఈ గీతలు ఏ క్లాసులోనైనా గీయించవచ్చు.

ప్రవర్తన దగ్గరికొచ్చేసరికి ఇంకో చిక్కు. "టీనేజ్ మెదడు ఇంకా పూర్తిగా తయారవలేదు" అన్న వాక్యం పిల్లలకు సాకుగా, పెద్దలకు తిట్టుగా పనికొస్తోంది. 2005లో ఒక డ్రైవింగ్ గేమ్‌తో చేసిన ప్రయోగంలో, పక్కన స్నేహితులు ఉన్నప్పుడు టీనేజర్లు మరింత సాహసాలకు పోయారు. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. కాబట్టి పక్కన ఎవరున్నారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. "మీ ఫ్రంటల్ లోబ్ (మెదడు ముందు భాగం) ఎదగలేదురా, అందుకే మాట వినరు" అంటే పాత తిట్టుకే కొత్త పేరు పెట్టినట్టు.

క్లాసు అయిపోయాక ఒక అమ్మాయి ఆగుతుంది. "టీచర్, మా అన్నయ్యకి డిప్రెషన్ అన్నారు. నాకూ వస్తుందా?" ఈ క్షణానికి టీచర్‌ను సిద్ధం చేయని శిక్షణ శిక్షణే కాదని నా గట్టి అభిప్రాయం. "సెరోటోనిన్ అనే మెదడు రసాయనం తగ్గితే డిప్రెషన్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే సైన్స్ పరంగానూ తప్పే, వ్యవహారం అంత సూటిగా లేదు. అది జబ్బేనని, వైద్యం ఉందని, ఇంట్లో ఒకరికి ఉంటే అవకాశం కొంత పెరగొచ్చు కానీ తప్పకుండా రావాలని లేదని చెప్పగలగాలి. ఆ పిల్ల ఏం అడగలేకపోతోందో వినాలి. తనే డాక్టర్‌లా మాట్లాడకుండా ఎవరి దగ్గరికి పంపాలో తెలిసి ఉండాలి. దీన్ని శిక్షణలో ఇద్దరిద్దరు ఎదురుగా కూర్చుని, నోటితో అని ప్రాక్టీస్ చేయాలి. మొదటిసారి అందరికీ టెన్షనే.

ఈ పాఠాలు చెప్తే మార్కులు పెరుగుతాయని ఆశ పెట్టేవాళ్లూ ఉన్నారు. మెదడు మారుతుంది, తెలివి పెరుగుతుంది అని చెప్పే గంటలోపు ఆన్‌లైన్ పాఠాన్ని అమెరికాలో దాదాపు 12 వేలమంది తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చి చూశారు, ఫలితాలు 2019లో వచ్చాయి. వెనకబడ్డ పిల్లల గ్రేడు సగటున 0.1 పాయింటు పెరిగింది. అంత కొద్ది సమయానికి అది మంచి ఫలితమే. కానీ మార్కుల ఆశ చూపి అమ్మాల్సిన సరుకు కాదిది.

ఇంతా చేశాక పరీక్ష ఏం అడుగుతుంది? "మెదడు పటం గీసి భాగాలు గుర్తించుము" అనే అడిగితే టీచర్ ఆ పటమే గీయిస్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు. దానికి బదులు "ఫోన్ వాడే పిల్లల మెదడు కుంచించుకుపోతోంది" అన్నట్టు ఒక వార్త ముక్క ఇచ్చి, దీన్ని నమ్మాలంటే ఇంకేం తెలియాలో రెండు ప్రశ్నలు రాయమనొచ్చు. ముప్ఫైమంది ముప్ఫై రకాలుగా రాస్తారు. వాటిని దిద్దడం కష్టం, ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో టీచర్లు కలిసి కూర్చుని వాదించుకుంటే తప్ప తేలదు. శిక్షణలో ఒక పూట అచ్చంగా దానికే ఇవ్వాలి. ప్రస్తుతం ఆ పూట అమిగ్డలా స్లైడ్లకు పోతోంది.