పార్కిన్సన్స్: మాత్ర ఇస్తున్నారు సరే, వేళ ఎవరు చెబుతున్నారు?

పార్కిన్సన్స్ అనగానే వణికే చెయ్యి గుర్తొస్తుంది. కానీ కొందరికి వణుకు ఉండనే ఉండదు. నడుస్తున్నప్పుడు ఒక చెయ్యి ఊగదు, రాత చిన్నదవుతుంది, గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని వయసు ఖాతాలోనో బద్ధకం ఖాతాలోనో వేస్తారు. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసరడం అంతకు ఏళ్ల ముందే మొదలై ఉండవచ్చు.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వర్ణించిన ఈ జబ్బుకు సరైన మందు, లెవోడోపా, 1960లలో గానీ రాలేదు. ఇప్పటికీ ప్రధాన ఔషధం అదే. మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశించడాన్ని అది ఆపదు. లోటును కొన్ని గంటలపాటు పూడుస్తుంది. జబ్బు ముదిరేకొద్దీ ఆ గంటలు తగ్గుతాయి. అప్పుడు మాత్ర అరగంట ఆలస్యమైనా మనిషి కుర్చీలోంచి లేవలేకపోవచ్చు.

మన అలవాట్లు ఇక్కడే అడ్డొస్తాయి. మందంటే మనకు మూడు పూటలా, అదీ అన్నం తిన్నాక. లెవోడోపా స్వయంగా ఒక అమైనో ఆమ్లం. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలూ అదీ పేగు గోడ దాటడానికి ఒకే దారిలో పోటీపడతాయి. అందుకే సాధారణంగా భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటారు. వికారం పుడితే ఒక బిస్కెట్ చాలు, గ్లాసుడు పాలు వద్దు. పప్పు మానేయమని కాదు, అసలే ఈ జబ్బులో బరువు తగ్గుతుంది. మోతాదు పెంచమని అడిగే ముందు మాత్రకూ భోజనానికీ మధ్య ఎంత ఎడం ఉందో చూసుకోవాలి.

దూలగొండి గింజల పొడి సంగతీ చెప్పాలి. అందులో నిజంగానే లెవోడోపా ఉంది, చిక్కంతా అదే. ఎంత ఉందో తెలియని పొడిని, డాక్టరుకు చెప్పకుండా మాత్రకు తోడు వాడితే మోతాదు మించి ఒళ్లు మెలికలు తిరిగే ప్రమాదం ఉంది.

మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్సకు వార్తల్లో చోటు దొరుకుతుంది. అర్హులకు అది మేలు చేస్తుంది కూడా. పైసా ఖర్చులేని ఈ వేళల సంగతి మాత్రం రద్దీ ఓపీలో ఎవరూ చెప్పరు. ఇక తుంటి విరిగి వార్డులో చేరితే, మాత్ర నర్సు వచ్చినప్పుడే. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇస్తే అది డోపమైన్‌ను అడ్డుకుని రోగిని మరింత బిగదీస్తుంది. చీటీ మీద ‘మూడు పూటలా’ బదులు గంటలు వేయాలి. ఇవ్వకూడని మందుల పేర్లు కేస్ షీట్ మొదటి పేజీలోనే ఉండాలి.