దిద్దుబాటుకు లొంగని దస్త్రం

రికార్డుల గదిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. ఆ అనుభవంతో చెబుతున్నాను, దిద్దడానికి వీలుకాని దస్త్రం ఈ భూమండలంలో ఉండకూడదు. పహాణీలో పేరు మారుతుంది, అడంగల్‌లో పంట మారుతుంది, సర్వే రాయి రాత్రికి రాత్రి నాలుగు గజాలు నడిచి పక్క పొలంలో తేలుతుంది. ఏదీ కుదరకపోతే చెదలు ఉండనే ఉన్నాయి. మా గదిలో చెదలు ఎంత బాధ్యతగా పనిచేసేవంటే, ఏ కేసు విచారణకు వస్తుందో ఆ కట్టనే వెతుక్కుని తినేవి.

అటువంటిది, అంటార్కిటికాలో ఎనిమిది లక్షల ఏళ్ల దస్త్రం ఒకటి ఒక్క కొట్టివేత కూడా లేకుండా పడి ఉందని ఈ మధ్య తెలిసింది. నాకు నిద్ర పట్టలేదు.

దస్త్రం అంటే కాగితం కాదు, మంచు. ఏటా కురిసే మంచు కిందటేటి మంచు మీద పడుతుంది, బరువుకు అణుగుతుంది, అణిగే కొద్దీ రేణువుల మధ్య తిరుగుతున్న గాలి బుడగలుగా చిక్కుకుపోతుంది. ఎవరూ అర్జీ పెట్టకుండానే, ఎవరి చేయీ తడపకుండానే, ఆనాటి గాలి నకలు అలా భద్రమవుతుంది. డోమ్ సి అనే చోట యూరప్ దేశాలవాళ్లు 1996 నుంచి 2004 దాకా తవ్వి, దాదాపు 3,270 మీటర్ల లోతు నుంచి మంచును కడ్డీలు కడ్డీలుగా పైకి తీశారు. ఆ ముక్కలను గాలి తోడేసిన పాత్రలో కరగనివ్వకుండా నలగ్గొట్టి, బయటపడిన పాత గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచారు. అక్కడ ఏడాది సగటు చలి సున్నాకు యాభై డిగ్రీలు కింద. చెదపురుగు బతకదు. ఎలుక రాదు. ఆ గదికి తాళం వేయడానికి బంట్రోతు కూడా అక్కరలేదు.

ఈ దుర్బుద్ధి పుట్టిన విధం కూడా చెప్పుకోవాలి. 1965లో అంటార్కిటికాలో క్లోద్ లోరియస్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లోతులోంచి తీసిన మంచుముక్కను విస్కీలో వేసుకున్నాడు. ముక్క కరుగుతుంటే బుడగలు చిటపటమని పేలాయి. మనవాడెవరైనా అయితే ఇంకో ముక్క వేసుకునేవాడు. ఆయన మాత్రం ఈ గాలి ఏనాటిదా అని ఆలోచనలో పడ్డాడు. మద్యపానం వల్ల కలిగే అనర్థాల జాబితాలో దీన్ని ఇంతవరకు ఎందుకు చేర్చలేదో నాకు అర్థం కాదు. నేనూ మజ్జిగలో మా ఫ్రిజ్ ఐసుముక్క వేసి గ్లాసు చెవి దగ్గర పెట్టుకున్నాను. మొన్నటి ఇంగువ వాసన తప్ప ఏ రహస్యమూ బయటపడలేదు.

అయినా నా అనుభవం ఊరికే పోలేదు. కాగితాలు తిరగేస్తుంటే ఒక లొసుగు దొరికింది. బుడగలోని గాలి వయసు, దాని చుట్టూ ఉన్న మంచు వయసు ఒకటి కావు! పై పొరలు గుల్లగా ఉంటాయి. యాభై నుంచి వంద మీటర్ల లోతు దాకా గాలి వస్తూ పోతూనే ఉంటుంది. అక్కడికి చేరాకే బుడగ నోరు మూసుకుంటుంది. అంటే మంచు పాతది, లోపలి గాలి కొత్తది. పాత స్టాంపు కాగితం మీద కొత్త రాత! ఈ విద్యలో మా ఊరి దస్తావేజు లేఖరులు ఆరితేరినవారు. పాత తేదీల కాగితాలు ట్రంకుపెట్టెలో దాచుకుని, అవసరం పడినప్పుడల్లా చనిపోయిన తాతగారి చేత వీలునామా రాయించేవారు. దొంగ దొరికాడనుకుని కుర్చీలోంచి లేచాను.

మళ్లీ కూర్చోవలసి వచ్చింది. ఆ తేడాను వాళ్లే ముందుగా చెప్పుకున్నారు. లెక్కగట్టారు. మంచు వయసుకు ఒక గడి, గాలి వయసుకు ఒక గడి పెట్టి పట్టికలు వేశారు. అంటార్కిటికాలోనే మంచు అరకొరగా పడే వోస్తోక్ అనే చోట ఆ తేడా వేల ఏళ్లు, దండిగా పడే లా డోమ్ అనే చోట కొన్ని దశాబ్దాలే. తప్పు పట్టుకునే అవకాశం కూడా ఎదుటివాడికి మిగల్చని మనుషులతో ఏ ప్లీడరు వేగగలడు? అక్కడితో ఆగారా, గ్రీన్‌లాండ్ మంచు కార్బన్ డయాక్సైడ్ లెక్కకు పనికిరాదని కూడా తామే తేల్చారు. అందులో దుమ్ము ఎక్కువ, ఆ దుమ్ములోని సున్నపు పదార్థం మంచులోనే కొంత కార్బన్ డయాక్సైడ్‌ను పుట్టిస్తుందట. సొంత సాక్షిని తామే బోనులోంచి దింపేసిన పార్టీని నా సర్వీసులో చూడలేదు.

సరే, అందరూ కుమ్మక్కయ్యారందామా అంటే దానికీ దారి లేదు. వోస్తోక్‌లో తవ్వింది సోవియట్‌వాళ్లు, మంచును విమానంలో మోసింది అమెరికావాళ్లు, పరీక్షించింది ఫ్రెంచివాళ్లు. 1980ల మాట ఇది, ఒకరి మీదికి ఒకరు క్షిపణులు గురిపెట్టుకుని కూర్చున్న రోజులు. మా ఇంటి పక్క అన్నదమ్ములు గట్టు మీది వేపచెట్టు ఎవరిదో నలభై ఏళ్లుగా తేల్చుకోలేకపోతున్నారు, వీళ్లు మాత్రం బుడగల విషయంలో ఒక్క మాట మీద నిలబడ్డారు. ఆస్ట్రేలియావాళ్లు తవ్విన లా డోమ్ మంచులో 1978 దాకా గాలి దొరికింది. చార్లెస్ కీలింగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1958 ప్రాంతంలో గాలినే నేరుగా పట్టి మొదలుపెట్టిన కొలతలతో అది ఇరవై ఏళ్ల మేర సరితూగింది. అతుకు ఎక్కడో వెతికాను, కనిపించలేదు.

ఇక అంకెలు. పది లక్షల గాలి అణువుల్లో కార్బన్ డయాక్సైడ్ అణువులు ఎన్ని అన్నది లెక్క. ఎనిమిది లక్షల ఏళ్లలో అది సుమారు 172 కంటే కిందికి దిగలేదు, 300కి మించలేదు. ఫ్యాక్టరీలు రాకముందు కార్బన్ డయాక్సైడ్ 280 చుట్టుపక్కల ఉండేది. గాలికి ఎల్లలు లేవు కనుక, శ్రీకృష్ణదేవరాయలు దండయాత్రకు బయలుదేరిన ఉదయం హంపీలో ఆయన పీల్చిన గాలికీ అదే లెక్క. ఏ శాసనంలోనూ ఎవరూ చెక్కించని అంకెను ఎక్కడో దక్షిణ ధ్రువం వైపు మంచు రాసిపెట్టింది. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 2024 సగటు 424 పైచిలుకు.

నా సూచన సులువైనది. 424ను తగ్గించాలంటే బొగ్గు మానాలి, పెట్రోలు మానాలి, చాలా తలనొప్పి. అదే 280ని పెంచడం ఒక్క పూట పని. రెండు అంకెను నాలుగు చేయడానికి చుక్క సిరా చాలు. పాతది 480 అయిపోతే మనం తగ్గించినవాళ్లమవుతాం, ఎవరో ఒకరు పిలిచి శాలువా కూడా కప్పుతారు. ఈ మాత్రం తెలివి పెద్ద పెద్ద ప్రభుత్వాలకు ఎందుకు తట్టలేదో.

భూమి వేడెక్కడంలో కార్బన్ డయాక్సైడ్ తప్పేమీ లేదనే మన తరఫువాళ్లు ఇష్టంగా తెచ్చే వాదన ఇంకొకటి ఉంది. హిమయుగం ముగిసేటప్పుడు ముందు వేడి పెరిగింది, కార్బన్ డయాక్సైడ్ వెనక వచ్చింది అని. దానికీ వాళ్లు కంగారుపడరు. భూమి కక్ష్యలో మార్పు వేడిని మొదలుపెట్టింది, సముద్రాలు వేడెక్కి వాయువును వదిలాయి, ఆ వాయువు వేడిని మరింత పెంచింది అంటారు. పొయ్యి ఒకరు అంటిస్తే ఇంకొకరు విసిరారన్నమాట. ఈసారి అంటించిందీ విసిరిందీ ఒకరే, మనిషేనట. కార్బన్‌లోనే కాస్త బరువైన రకం కార్బన్-13, బొగ్గు, చమురుల్లో అది తక్కువ, గాలిలోనూ దాని పాలు తగ్గుతోంది కాబట్టి కొత్తగా చేరినది బొగ్గు, చమురు కాల్చిన కార్బనేనని వేలిముద్ర కూడా దొరికిందంటారు. వేలిముద్రల గురించి నేను మాట్లాడను. మా గదిలో ఒకే బొటనవేలు పదకొండు కుటుంబాల తరఫున పడిన సందర్భం ఉంది.

ఆశ బొత్తిగా లేకపోలేదు. 2017లో కెనడాలోని ఒక విశ్వవిద్యాలయంలో శీతలగది చెడిపోయి, ఆర్కిటిక్ నుంచి తెచ్చి దాచిన మంచులో 180 మీటర్ల మేర కరిగి నీళ్లయింది. వార్త చదివి మా గది గుర్తొచ్చింది. స్విట్జర్లాండ్‌లో గ్రాన్ కొంబాఁ అనే కొండ మీద 2018లో తవ్విన మంచులో రికార్డు బాగానే ఉంది, 2020లో మళ్లీ వెళ్లి తవ్వితే కరిగిన నీరు కిందికి ఇంకి అక్షరాలన్నీ అలుక్కుపోయినట్టు ఉందట. అంటే ముద్దాయే వేడి పెంచి సాక్షిని కరిగిస్తున్నాడు. చెదలకు కూడా ఇంత చాకచక్యం లేదు.

డోమ్ సి మాత్రం మూడు కిలోమీటర్ల మందం, అది కరిగే దాకా నా పెన్షన్ రాదు. పైగా ఆ దగ్గరలోనే మళ్లీ తవ్వి, పన్నెండు లక్షల ఏళ్లు దాటిన మంచును చేరామని 2025 జనవరిలో ప్రకటించారు. అందుకే దిద్దుబాటు కోరుతూ అర్జీ రాశాను. తీరా చూస్తే, 1959 ఒప్పందం ప్రకారం ఆ ఖండం మీద దేశాల పాత దావాలన్నీ పెండింగులోనే ఉంచారట, కొత్తగా ఎవరూ హక్కు చెప్పుకోకూడదట. తహసీల్దారు లేడు, ఆర్డీవో లేడు, కనీసం తలారి కూడా లేడు. అర్జీ బల్ల మీదే ఉంది. ‘గౌరవనీయులైన’ అన్న మాట తరువాత ఖాళీ వదిలాను.