సవరణ: శిశువు గుండె లోపం, జన్యు పరీక్షలు

బెంగళూరులోని తెలుగు కుటుంబాల కోసం ఇటీవల రాసిన టపాలో, గర్భస్థ శిశువు గుండెలో లోపం కనిపించినా మిగతా అవయవాలు సవ్యంగా ఉంటే జన్యు పరీక్ష అవసరం లేదన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. దాని బదులు ఇలా చదువుకోవాలి. అల్ట్రాసౌండ్ చూపేది అవయవాల నిర్మాణాన్నే, క్రోమోజోములను కాదు. ఫాలో టెట్రాలజీ, ట్రంకస్ ఆర్టీరియోసస్ వంటి గుండె లోపాలు ఉన్నప్పుడు, మరే లోపమూ కనిపించకపోయినా, 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపించే 22క్యూ11 డిలీషన్ ఉండే అవకాశం ఉంటుంది. ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి స్కానులో చిన్నదిగా కనబడితే ఈ అనుమానం బలపడుతుంది గానీ, మామూలుగా కనబడినంత మాత్రాన తొలగిపోదు. క్రోమోజోములను మైక్రోస్కోపులో చూసే సాధారణ కారియోటైపింగు పరీక్షలో ఈ డిలీషన్ చాలావరకు దొరకదు కనుక, 15 వారాలు నిండాక తీసే ఉమ్మనీటిపై ఇంత చిన్న లోపాలనూ పట్టగల ఫిష్ (FISH) పరీక్ష గానీ మైక్రోఅర్రే పరీక్ష గానీ చేయించవలసి ఉంటుంది. తల్లి రక్తంతో చేసే ఎన్‌ఐపీటీ (ప్రకటనలు ఎంత భరోసా ఇచ్చినా) వడపోత పరీక్షే తప్ప నిర్ధారణ పరీక్ష కాదు.