ఆగిన టీవీకి జవాబుదారీ ఎవరు?

"ఏమండీ, టీవీ రావట్లేదేంటండీ?" "పైనుంచే ప్రాబ్లమండీ." అమలాపురం నుంచి భీమవరం దాకా ఇంటర్నెట్ టీవీ పెట్టించుకున్న ఇళ్లలో ఈ రెండు మాటలూ అలవాటైపోయాయి. తేడా ఎక్కడొచ్చిందో, ఎప్పటికి సరవుతుందో చెప్పే నాథుడు లేడు. డబ్బు మాత్రం ముందే కట్టించుకుంటారు, చాలాచోట్ల ఆరు నెలలకో ఏడాదికో ఒకేసారి. ముందు డబ్బు తీసుకున్నవారు సేవ ఆగినప్పుడు జవాబు చెప్పి తీరాలి.

2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్ ప్రాజెక్టును ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ తీగ పల్లెల్లోకి వచ్చింది. ఆ తర్వాత ప్రైవేటు కంపెనీలు దిగాయి. 2024లో బీఎస్ఎన్ఎల్ కూడా ఫైబర్ టీవీ మొదలుపెట్టింది. జోరువాన పడితే డిష్‌లో బొమ్మ పోయే బాధ తప్పిందని జనం సంతోషించారు. ఇది మంచి మార్పేనని మేమూ అంటున్నాం. అందుకే ఇది సరిగ్గా నడవాలని అడుగుతున్నాం.

ఇంటర్నెట్ టీవీ అంతా ఒకటి కాదు. కంపెనీ తన సొంత తీగల్లోనే ఛానళ్లను పంపితే అది ఐపీటీవీ. దాని నాణ్యత చాలావరకు ఆ కంపెనీ చేతిలోనే ఉంటుంది. యాప్‌లో వచ్చే లైవ్ ఛానల్ అలా కాదు, అందరూ వాడే ఇంటర్నెట్ మీదే రావాలి. బొమ్మను చిన్న చిన్న ముక్కలుగా పంపుతారు. కొన్ని ముక్కలు చేరాకే తెర మీద వేస్తారు. పక్కింట్లో డిష్ ఉన్నవాళ్లు వికెట్ పడిందని కేకేసేటప్పటికి మనింట్లో బౌలర్ ఇంకా పరిగెడుతూ ఉండేది ఇందుకే. ఇది లోపం కాదు, కానీ అమ్మేటప్పుడే చెప్పాల్సిన సంగతి.

బొమ్మ ఆగి తెర మీద చక్రం తిరగడం మొదలైతే కారణం ఇంట్లోని వైఫై కావచ్చు, వీధిలో తెగిన తీగ కావచ్చు, ఛానల్ సర్వర్ కావచ్చు. చూసేవారికి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. కంపెనీకి అలా కాదు. ఇంట్లో ఉన్న ఫైబర్ బాక్సుకు సిగ్నల్ ఎంత అందుతోందో ఆఫీసులో కూర్చునే చూడగలరు. తెలిసీ చెప్పకపోవడమే మా అభ్యంతరం. సేవ ఎక్కడ, ఎన్ని గంటలు ఆగిందో ఊరివారీగా ప్రతి నెలా బయటపెట్టాలి. ఆ మేరకు చందా తగ్గించాలి.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం ఒక జిల్లాలో మొబైల్ సేవ 24 గంటలకు మించి ఆగితే వినియోగదారుకు పరిహారం ఇవ్వాలి. ఫోనుకు ఉన్న న్యాయం టీవీ యాప్‌కు ఎందుకు ఉండకూడదు?

వీటన్నిటికంటే మమ్మల్ని కలవరపెడుతున్నది అనుమతుల్లేని ఐపీటీవీ దందా. ఏడాదికి కొద్దిపాటి డబ్బు కడితే వేల ఛానళ్లు, కొత్త సినిమాలు అన్నీ వస్తాయంటూ వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. యూపీఐలో డబ్బు పంపగానే ఒక లింకు, పాస్‌వర్డు చేతికొస్తాయి. బిల్లుండదు, చిరునామా ఉండదు, జీఎస్టీ నంబరు ఉండదు. హక్కులు లేకుండా చూపించే ఛానళ్లు కాబట్టి ఏ రోజైనా మూతపడొచ్చు. మూతపడ్డాక ఆ వాట్సాప్ నంబరు పలకదు. రొయ్యల చెరువు కాపలా గదిలో ఫోన్‌లో టీవీ చూసుకునే కుర్రాడికైనా, పింఛను డబ్బుతో ఏడాది చందా కట్టిన పెద్దాయనకైనా ఆ నష్టం చిన్నది కాదు. తక్కువకు వస్తోందని ఆశపడ్డవారిని తప్పుపట్టి లాభం లేదు. అమ్మేవారి మీద పోలీసులు కేసులు పెట్టాలి.

బిల్లు ఉంటే దారి ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారమైతే ఫీజు కూడా లేదు. తేలిగ్గా చేర్చుకుని, మానేద్దామంటే దారి దొరక్కుండా చేసే చందాల పద్ధతిని 2023 నవంబర్‌లో కేంద్రం నిషేధించిన సంగతీ గుర్తుంచుకోవాలి.

డెల్టాలో టీవీ కాలక్షేపానికే కాదు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జులైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు లంక గ్రామాల వాళ్లు ఆ అంకెల కోసమే వార్తలు చూశారు. ఫైబర్ తెగితే ఇప్పుడు టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ ఒకేసారి పోతాయి. కాబట్టి వరదలు మొదలవకముందే గోదావరి జిల్లాల కలెక్టర్లు ఈ కంపెనీలన్నిటినీ పిలిచి కూర్చోబెట్టాలి. లంకలకు వెళ్లే తీగ తెగితే ఎన్ని గంటల్లో అతుకుతారో, కరెంటు లేనప్పుడు పరికరాలు ఎంతసేపు నడుస్తాయో, రాత్రిపూట ఫోన్ ఎత్తేది ఎవరో రాతపూర్వకంగా తీసుకుని ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద అంటించాలి.