మా రెండు పేజీల్లో ఒత్తులన్నీ ఊడిపోయాయి

నిన్న సాయంత్రం నుంచి ఒళ్ళు మండిపోతోంది. రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఇక్కడ రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

ఇక్కడ ఒరిస్సాలో, పర్లాకిమిడి వైపు, మా చర్చి వార్షికోత్సవం, సావనీర్ విడుదల. మూడు భాషల సావనీర్ అని రెండు నెలలుగా మైకులో ఒకటే ఊదర. తీరా చూస్తే ఇంగ్లీషు ముప్పై పేజీలు, ఒడియా ఇరవై, తెలుగు రెండు. ఆ రెండూ నావే. "మిషనరీల చరిత్ర మీద మీరైతే బాగా రాస్తారు టీచర్ గారూ" అని ఇంటికొచ్చి మరీ అడిగారు కదా అని నెల రోజులు కూర్చుని రాశాను. మనవడి చేత ఫోన్లో టైపు చేయించి, ఒక్కో దీర్ఘం చూసుకుని పంపాను.

అచ్చులో ఏమైందో తెలుసా? బరంపురంలో డీటీపీ చేసిన కుర్రాడికి తెలుగు రాదు. ఫాంటు మార్చాడు. ఒత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయి. 'ఆనందరాయరు' అన్న పేరు 'ఆనం దరా?రు' అయింది. 'క్రైస్తవ' అన్న మాట 'క్ రైస్ తవ' అయి కూర్చుంది. మధ్యలో రైస్! బియ్యం కోసం మతం మారారని మనల్ని వెక్కిరించేవాళ్ళకి వెతుక్కునే పని లేకుండా మేమే అచ్చేసి ఇచ్చాం.

సరే, అచ్చుతప్పులు ఎవరికైనా వస్తాయి. నా మంట అది కాదు. స్టేజి మీద పెద్దలందరూ ఆ పేజీ తెరిచి పట్టుకుని ఫొటో దిగారు. ఒక్కరికీ తేడా తెలియలేదు. భోజనాల దగ్గర ఒకాయన, కమిటీలో పెద్దమనిషే, పలావు ప్లేటు చేత్తో పట్టుకుని నా దగ్గరకొచ్చి "టీచర్ గారూ, ఏటి రాశారండీ! ఆఖరి పేరా అయితే కళ్ళంట నీళ్ళొచ్చేశాయి" అన్నాడు. ఆఖరి పేరాలో ఉన్నవి పదకొండు ప్రశ్నార్థకాలు, ఒక ఫుల్‌స్టాప్. నాకూ నీళ్ళొచ్చాయి బాబూ, అదే పేరాకి.

ఇంతకీ నేను రాసిందేమిటంటే, ప్రపంచంలో ఎక్కడ మిషనరీ చరిత్ర తీసినా తెల్లాయన నిలువెత్తు ఫొటో ఉంటుంది, పక్కన కూర్చుని ఆయనకు భాష నేర్పిన మనిషి ఉండడు. లండన్ మిషన్ వాళ్ళు ఇద్దరు, క్రాన్, డెగ్రాంజెస్, 1805లో విశాఖపట్నం వచ్చారు. ఐదేళ్ళు తిరిగేసరికి ఇద్దరూ పోయారు. ఆ ఐదేళ్ళలోనే మూడు సువార్తలు తెలుగులోకి వచ్చి, 1812లో బెంగాల్ శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పుడే దిగినవాళ్ళకి అంత తెలుగు ఎక్కడి నుంచి వచ్చింది? ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు క్రైస్తవంలోకి వచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నాడు కాబట్టి. ఆయన ఫొటో లేదు, ఆయన పేరున వీధి లేదు. నా రెండు పేజీల్లోనన్నా పేరు ఉంటుందనుకున్నాను. ఉంది, మధ్యలో ప్రశ్నార్థకంతో.

ఒంగోలులో పనిచేసిన అమెరికా మిషనరీ క్లౌ దొర గురించి అందరూ చెబుతారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. మరి ఆ జనం మధ్యకు ఆయన కంటే ముందు ఊరూరా నడిచి వెళ్ళిన యర్రగుంట్ల పేరయ్య ఎవరికి గుర్తు? మాదిగ మనిషి కదా, సావనీరుకి ఎక్కడు. ఇంకో మాట, రైస్ గాళ్ళకి. ఆ బాప్తిస్మాలకు ముందు పెద్ద కరువు వచ్చింది. ఆ కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు, కానీ కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదనే. బియ్యానికే అయితే కడుపు కాలుతున్నప్పుడే ముంచేవాడు కదా!

నాతో పనిచేసి రిటైరైన సోషల్ మాస్టారు ఒకాయన ఉన్నారు. రోజూ పొద్దున్నే ఒక ఫార్వర్డ్ పెడతారు. తెల్లోడు ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో బైబిలూ పట్టుకుని దిగాడట. అయ్యా మాస్టారూ, మీరు పాఠం చెప్పిందే ఆ సబ్జెక్టు. ఈస్టిండియా కంపెనీవాడు మిషనరీలను తన ఇలాకాలో అడుగు పెట్టనిచ్చేవాడే కాదు, వ్యాపారం పాడవుతుందని భయం. అందుకే చెప్పులు కుట్టుకునే విలియం కేరీ అనే ఇంగ్లీషు మిషనరీ 1793లో వచ్చి కూడా చివరికి డేనిష్ వాళ్ళ శ్రీరాంపూర్‌లో తలదాచుకోవాల్సి వచ్చింది. మిషనరీలకు దారి తెరిచిన 1813 చార్టర్ చట్టం వచ్చేదాకా ఇదే తంతు. ఇది చెప్తే ఆయన నవ్వే బొమ్మ పెట్టి, రెండు నిమిషాలకి ఇంకో ఫార్వర్డ్ పంపారు. బ్రౌన్ దొర మిషనరీ అంట! కంపెనీ ఉద్యోగి మాస్టారూ, కోర్టులో జడ్జీ. నాన్న పాదిరీ అయితే కొడుకూ పాదిరీయేనా? మీ నాన్నగారు కరణం, మీరేమన్నా కరణమా?

అలాగని మిషనరీలందరినీ నెత్తిన పెట్టుకోమని నేననను. మా కమిటీవాళ్ళకి ఈ ముక్క కూడా రుచించలేదు, "ఇది తీసేయొచ్చు కదండీ" అన్నారు. ఎందుకు తియ్యాలి? మెక్సికో యుకటాన్‌లో డియేగో డి లాండా అనే పాదిరీ 1562లో మాయా జనం పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టించాడు. ఇక కెనడా. మన ఉత్తరాంధ్రకీ మన్యానికీ వచ్చి తెలుగు, కొండల్లో ఉండే సవర ఆదివాసీల భాష నేర్చుకున్న బాప్టిస్టులు కెనడా నుంచే వచ్చారు. 1874లో కాకినాడలో మొదలుపెట్టి మన కొండలదాకా వచ్చి, సెరంగోలో ఆసుపత్రి కూడా పెట్టారు. అదే కెనడాలో చర్చిలు నడిపిన హాస్టలు బడుల్లో ఆదివాసీ పిల్లల్ని అమ్మభాష మాట్లాడితే కొట్టారు. లక్షన్నర మంది పిల్లలు. 1990ల దాకా నడిచాయి ఆ బడులు. అవి ఎక్కువగా వేరే చర్చిలవే, కాదనను. కానీ ఒకే దేశం నుంచి ఒకడు భాష నేర్చుకోవడానికి బయల్దేరితే, ఇంకోడు ఇంట్లో కూర్చుని భాషని కొట్టి చంపాడు.

మనం ఆ రెండోవాళ్ళ బాటలో ఉన్నాం. ఆ మాత్రం బెత్తం కూడా అవసరం లేకుండా.

కేరీ అచ్చాఫీసు 1812 మార్చి 11 రాత్రి తగలబడింది. ఎన్నో భాషల అచ్చు అక్షరాలు కరిగి ముద్దయిపోయాయి. తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా బూడిదైంది. అచ్చు పోసే మూసలు మాత్రం దొరికాయి. ఆ కరిగిన సీసంతోనే మళ్ళీ అక్షరాలు పోశారు, 1814కల్లా కేరీ తెలుగు వ్యాకరణం మళ్ళీ రాసి అచ్చేశాడు. బెంగాల్లో కూర్చుని, ఇంగ్లండువాడు, తెలుగుకి. మాకు మంటా లేదు, పొగా లేదు, ఫోన్లో ఇరవై ఫాంట్లున్నాయి. ఒక్క ప్రూఫ్ చూపించమంటే "టైం లేదండీ టీచర్ గారూ" అన్నారు.

అసలు ఈ తెగులు ఇప్పటిది కాదు. 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా వేరే రాష్ట్రమైన రోజున మొదలైంది. మా తాత రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని పొద్దున ఒరిస్సాలో లేచాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ఏడాదే పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయనేం పాదిరీ కాదు, రాజావారి బడిలో మాస్టారు. సవర కొండల నుంచి మనుషుల్ని ఇంటికి పిలిపించుకుని వాళ్ళ భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణం ఇచ్చారు. తరవాత నిఘంటువూ ఆయనదే. ఆగస్టు 29 వస్తే ఆంధ్రలో ఆయన బొమ్మకి దండలు, తెలుగు భాషా దినోత్సవం. ఏరు దాటి ఇవతల ఆయన బతికిన ఊళ్ళో తెలుగు బడులేమవుతున్నాయో ఒక్క మంత్రికీ పట్టదు. మహేంద్రతనయ అవతల పాతపట్నంలో బస్సు బోర్డు తెలుగులో, ఇవతల నా సావనీరు ప్రశ్నార్థకాల్లో.

అదే 1936లో సవరలు ఏం చేశారో చూడండి. పాదిరీల రోమన్ అక్షరాలొద్దు, ఒడియా లిపీ వద్దు, మన తెలుగూ వద్దు అని మంగేయ్ గొమాంగో సొంత లిపి తయారుచేశాడు. అందరూ వాడుతున్నారా అంటే లేదు, ఇప్పటికీ చర్చికెళ్ళే సవరలు రోమన్ అక్షరాల్లోనే పాడతారు. అయినా రోషమంటే అది. మనకి వెయ్యేళ్ళ నుంచి ఉన్న లిపి, ఒత్తు ఊడితే తెలుసుకునే దిక్కు లేదు.

నేను రిటైరైతే నా పోస్టులో తెలుగు టీచర్ని వెయ్యలేదు. కమిటీ పెద్దల పిల్లలెవరికీ తెలుగు చదవడం రాదు. ప్రార్థన తెలుగులోనే చేస్తారు, పాట తెలుగులోనే పాడతారు, స్క్రీన్ మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తారు. నాకూ నోరెత్తే మొహం లేదు లెండి, నా మనవడు టైపు చేసింది కూడా నేను పైకి చదువుతుంటే, ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగులోకి మార్చి.

ఇవాళ పొద్దున ఫోన్ చేసి మళ్ళీ అచ్చేయించమని అడిగాను. "బడ్జెట్ లేదండీ, ఫేస్‌బుక్‌లో పెట్టేయండి, అందరూ చూస్తారు" అన్నారు. పంచగా మిగిలిన కాపీలు మా ఇంటికే చేర్చారు, వరండాలో మూడు కట్టలు. ఎర్ర పెన్ను తీసుకుని కూర్చున్నాను, ముప్పై ఏళ్ళ అలవాటు కదా. ఆనందరాయరు దగ్గర ప్రశ్నార్థకం కొట్టేసి 'య' పెట్టడం, తరవాత రైస్ పని పట్టడం. నలభై మూడో కాపీ దగ్గర రీఫిల్ అయిపోయింది. కొట్టు తీశాక మనవణ్ణి పంపాలి.